పలకరాళ్ళ తొట్టి

వయసు మీద పడితే కోపం తగ్గుతుందంటారు. నాకు తగ్గలేదు. మురుగు కంపు ఎక్కడ ముక్కుకు తగిలినా మా అత్తవారి పాలెం గుర్తొస్తుంది, ఒళ్ళు మండుతుంది.

నేను తర్లుపాడు నుంచి కోడలిగా వచ్చేనాటికి తెల్లవాళ్ళ యుద్ధం నడుస్తోంది. అత్తవారిది మార్కాపురానికి దగ్గరలోనే ఒక చిన్న పట్నం, దాని పల్లపు వైపున మా పాలెం. పట్నంలోని మురుగంతా కాలువల్లో పారి, మా పాలెం పైన పంచాయతీ బోర్డువాళ్ళు కట్టించిన రెండు తొట్లలోకి వచ్చేది. మొదటి తొట్టిలో బురద అడుక్కు దిగాలి. రెండో తొట్టి నిండా రాళ్ళు. నీళ్ళు ఆ రాళ్ళ సందుల్లోంచి వడకట్టుకుని కింది చేలకు పోవాలి. ఆలోచన మంచిదే. కానీ కంకర పోయాల్సిన చోట కాంట్రాక్టరు బడిపలకల గనుల దగ్గర ఊరికే దొరికే పలకరాయి పెళ్ళలు పోయించాడు. బల్లపరుపు పెళ్ళలు ఒకదాని మీద ఒకటి పడుకుంటే ఇక సందెక్కడిది? కొన్నాళ్ళు నీళ్ళు కారి, తొట్టి బిగుసుకుపోయింది. ఆ తర్వాత వాన పడినప్పుడల్లా మురుగు గట్టు పొర్లి పల్లంలో ఉన్న మా బావిలోకి దిగేది.

పాలెం మొత్తానికి ఆ బావి ఒక్కటే. పట్నంలో బావుల దగ్గరికి మమ్మల్ని రానిచ్చేవాళ్ళు కాదు. వాళ్ళ నీళ్ళు మేము ముట్టుకుంటే మైల. వాళ్ళు వాడి పారబోసిన నీళ్ళు మాత్రం మా కుండల్లోకి రావచ్చు.

నేను వచ్చిన రెండో ఏటికి నా కూతురు పాకుతోంది. వాన పడితే చాలు, దానికి విరేచనాలు. నీళ్ళు కాచి పొయ్యమని అందరూ చెప్పేవాళ్ళే. కట్టెలు అడవి నుంచి నెత్తిన మోసుకురావాలి, అవి అమ్మితేనే ఇంట్లోకి జొన్నలు. అయినా బిడ్డకు కాచే పోసేదాన్ని. పాకే బిడ్డ మనం పోసిందే తాగుతుందా? కుండ కింద కారిన తడిని కూడా నాకుతుంది.

మందిరంలో ప్రార్థన నడిపే అయ్యగారు బోర్డు చుట్టూ తిరగ్గా తిరగ్గా, తొట్లు చూడడానికి కర్నూలు నుంచి ఇంజనీరు వస్తాడని కబురొచ్చింది. ఆయన చూసి బాగాలేదంటే మరమ్మతు చేస్తారు. నా బిడ్డ బతుకు ఆయన కళ్ళలో ఉందనుకున్నాను.

పాలెం పెద్ద మా మామే. కబురు రాగానే చేట, చీపురు బయటికి తీశాడు.

"దొర వస్తా ఉండాడు. తొట్లు కడగాల. గట్టుకు సున్నం కొట్టాల," అన్నాడు.

"కడగొద్దు మామా. ఆ కంపు చూసేదానికే గదా ఆయన వచ్చేది?"

"ఇంటికొచ్చే పెద్దమనిషికి పెంట చూపిస్తామా? ఏంది నీ మాట!"

మావాళ్ళకు తెలిసిన మర్యాద అదొక్కటే. ఏటా మిషను దొర వచ్చినప్పుడు వీధులూడ్చి, గోడలకు సున్నం కొట్టి, బంతిపూలు కట్టేవాళ్ళు. ఏ దొర వచ్చినా అంతే అనుకున్నారు. ఎన్నడూ చిటికెడు సున్నం ఇవ్వని బోర్డు ఆ రోజు బండెడు పంపింది. అప్పుడైనా అర్థం కావద్దా? పైన బోర్డువాళ్ళు కాలువలకు గోనెసంచులు అడ్డమేసి మురుగు ఆపేశారు. కింద మావాళ్ళు సంబరంగా తొట్లు తోడి, పెళ్ళల్ని కొబ్బరిపీచుతో తోమారు. చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే వాళ్ళను కొట్టాలనిపించింది.

ఇంజనీరు వచ్చాడు. పెళ్ళలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఒక్క పెళ్ళ ఎత్తించలేదు. ఒక్క కుండెడు నీళ్ళు పోయించి దిగుతాయో లేదో చూడలేదు.

"బావి నీళ్ళు బాగుంటున్నాయా?" అని అడిగాడు.

"మీ దయవల్ల బాగుండాయి దొరా," అన్నాడు మా మామ, చేతులు కట్టుకుని.

ఇంట్లో శవమున్నా పెద్దవాడు అడిగితే బాగున్నామనే చెప్పాలి మా దగ్గర. "బాగలేవు సామీ!" అని వెనక నుంచి అరిచాను. మా అత్త నా రెక్క పట్టి లాగింది. "ఆడోళ్ళు అట్లనే అంటారులేండి," అని బోర్డు ప్రెసిడెంటు నవ్వాడు. తొట్లు బాగానే పనిచేస్తున్నాయని తేల్చి ఇంజనీరు వెళ్ళిపోయాడు.

ఆ వానల్లోనే నా బిడ్డ పోయింది. ఆదివారం మందిరంలో పాటలు వినబడుతుంటే నా ఒళ్ళోనే కళ్ళు తేలేసింది. దేవుని చిత్తమన్నాడు మా మామ.

"దేవుణ్ణెందుకు అంటావు మామా? పలకరాళ్ళు పోసింది దేవుడా? సున్నం కొట్టింది దేవుడా?" అన్నాను. ఆయన తల దించుకున్నాడు. నేను జాలిపడలేదు.

పాలెంలో బిడ్డలు పోతే ఎవరూ రాలేదు. ఆ మురుగు పారిన చేల ఆకుకూరలు తిని పట్నంలో పెద్దవీధిలోనూ వాంతులు మొదలయ్యాక అదే ఇంజనీరు మళ్ళీ వస్తున్నాడన్నారు. బోర్డు నుంచి మళ్ళీ సున్నం బండి వచ్చింది. నేను పోయి దానికి అడ్డంగా కూర్చున్నాను. ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. ఈసారి మా మామ చీపురు ముట్టలేదు.

ఇంజనీరు గట్టెక్కుతూనే జేబురుమాలు తీసి ముక్కుకు పెట్టుకున్నాడు. "పోయినసారి బాగానే ఉంది కదా?" అన్నాడు.

"నువ్వు ముక్కు మూసుకుంటివి సామీ. మేము దీన్నే నోట్లో పోసుకుంటా ఉండాం," అన్నాను.

ఆయన వెంటనే పనివాళ్ళను పిలిచాడు. పెళ్ళలు ఎత్తించాడు. కింద బురద సిమెంటులా గట్టిపడి ఉంది. పలకరాయంతా తీసేయించి వాగు నుంచి గుండ్రాళ్ళు తెప్పించి పోయించాడు. మొదటి తొట్టి లోతు పెంచి, బావి వైపు గట్టు ఎత్తు చేయించాడు. ఆ తర్వాతి వానకు ఒక్క చుక్క పొర్లలేదు.

పని పూర్తయిన రోజు బోర్డువాళ్ళు సభ పెట్టారు. పాలెం మీద తన దయ గురించి ప్రెసిడెంటు ఉపన్యాసం ఇచ్చాడు. ఇంజనీరుకు వెయ్యమని మా అత్త నా చేతికి బంతిపూల దండ ఇచ్చింది.

"నీవల్లే గదా అయింది. నువ్వే వెయ్యి," అంది.

దండ తీసుకుని ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఆయన తల వంచాడు.

"ఈ పని మొదటిసారి వచ్చినప్పుడే చేసుంటే, ఈ దండ నా బిడ్డ చేత వేయించేదాన్ని సామీ," అని, దండ ఆయన ముందున్న బల్ల మీద పెట్టి వచ్చేశాను.