మూగ ఇంజన్ కూత

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. లేవని వాదించేంత ఓపిక కూడా నాకు లేదు. పొద్దున్న లేస్తే వంట, తమ్ముడికి మందులు, ఆఫీసు, అక్కణ్ణుంచి ఆసుపత్రి. నిజంగా దెయ్యమే వచ్చినా "కాస్త కూర్చో, కుక్కర్ దించి వస్తాను" అనే రకాన్ని. అలాంటి నాకు ఇది జరిగిందంటే ఆఫీసులో ఎవరూ నమ్మరు. అందుకే అక్కడ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం వైపు. నాన్న ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికని భిలాయి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేనూ, తమ్ముడు సూరిబాబూ సెక్టర్ 4 క్వార్టర్లో పుట్టి పెరిగాం. ఇప్పుడు నెహ్రూ నగర్లో ఉంటున్నాం, ఇద్దరమే. నేను ప్లాంటు అకౌంట్స్‌లో పనిచేస్తాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా అడిగి అడిగి అలిసిపోయారు.

సూరిబాబు ప్లాంటు లోపల డీజిల్ ఇంజన్ నడిపేవాడు. రోజంతా అసలు ఇంజన్ మీద ఉండి, ఇంటికొచ్చాక బల్ల మీద చిన్న ఇంజన్లు నడుపుకునేవాడు. ముందుగదిలో ప్లైవుడ్ చెక్క మీద గుండ్రంగా పట్టాలు బిగించాడు. బొమ్మరైలు అంటే మాత్రం వాడికి ఒళ్ళు మండేది. "మోడల్ అనక్కా, మోడల్" అనేవాడు.

షుగరు ముందు వాడి చూపు తినేసింది. తరవాత కిడ్నీల మీద పడింది. చూపు పోయినరోజే ఆ చెక్క మీద దుప్పటి కప్పేయమన్నాడు. డయాలసిస్ మొదలయ్యాక మాటలు తగ్గించేశాడు. ఒక పొద్దున్న ఆటో గుమ్మంలో ఉండగా మంచం దిగనన్నాడు.

"చాల్లే అక్కా. ఇంక నాను రాను. నీకూ సుకం, నాకూ సుకం."

నాకు కోపమొచ్చింది, భయమూ వేసింది. "సుఖమా! నువ్వు పోతే నేను సుఖపడతానని నీకెవడ్రా చెప్పింది?" అని అరిచేశాను. డాక్టరు ముందే చెప్పారు, ఇది మానేస్తే ఎన్నాళ్ళో ఉండడని.

ఆరోజు ఎలాగో బతిమాలి తీసుకెళ్ళాను. ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నప్పుడు తట్టింది. వాడి దగ్గరున్న ఇంజన్లన్నీ మూగవి. చూపు లేనివాడికి మూగ ఇంజన్ ఎందుకు? ఫ్యాక్టరీలోనే లోపల డిజిటల్ శబ్దం అమర్చిన ఇంజన్లు వస్తున్నాయని ఎప్పుడో వాడే చెప్పాడు. స్టార్టింగు, ఐడిలింగు, బ్రేకు కీచు, అన్నీ అసలు ఇంజన్ దగ్గర రికార్డు చేసి పెడతారట.

"శబ్దం ఉన్న ఇంజన్ తెప్పిస్తాను. వస్తావా ఆసుపత్రికి?" అన్నాను.

"ఇంజన్ వచ్చేదాకా వొస్తాను. దాని గొంతు బాగుంటే తర్వాతా వొస్తాను. బాగోకపోతే మాత్రం నన్నింక అడక్కూడదు" అన్నాడు.

బేరం అంటే అదీ! తమ్ముడి ప్రాణం తీసుకెళ్ళి అరచేతిలో పట్టేంత ఇంజన్లో పెట్టాం.

ఇక ఎంపిక. సాయంత్రం ఫోన్లో ఒక్కొక్క ఇంజన్ వీడియో పెట్టేదాన్ని, వాడు కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ కళ్ళు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే, కానీ వినేటప్పుడు మూసేవాడు. "ఇదేటి, కుట్టుమిషన్లాగుంది." "దీని హారన్ బస్సు హారన్." "ఇది జెర్మనీదా? మరీ నీటుగుంది, తీసేయ్." ఆఫీసులో మూడు వోచర్లు తేలక తలనొప్పితో వచ్చిన రోజు కూడా కూర్చోబెట్టి వినిపించమనేవాడు. విసుక్కుంటూనే వినిపించాను.

మన పాత డీజిళ్ళకి మూలం అమెరికా డిజైనేనట. చివరికి ఆ జాతి ఇంజన్ ఒకటి దొరికింది. ఖాళీగా నిలబడ్డప్పుడు గుడగుడమంటూ మధ్యలో ఒక దెబ్బ తడబడుతుంది. అది వినగానే సూరిబాబు మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. "ఇదే. ఇదక్కా మన బండి. కంపెనీలో శబ్దం పెట్టిందే కొను. తర్వాత పెట్టించిందైతే డబ్బాలోంచి వొచ్చినట్టుంటాది."

ఆర్డరు నేనే ఆఫీసులో భోజనం వేళ పెట్టాను. శబ్దం ఉన్నదానికీ లేనిదానికీ బొమ్మ ఒకటే, రంగు ఒకటే, నంబరులో ఆఖరి అక్షరమే తేడా. ఇది తర్వాత తెలిసింది.

ఇంజన్ వచ్చింది. పూజ చెయ్యకుండా పట్టాలెక్కించడానికి వీల్లేదన్నాడు. ప్లాంటులో కొత్త మిషన్ ఏదొచ్చినా కొబ్బరికాయ కొట్టందే స్విచ్ వెయ్యరు కదా, అదే అలవాటు. పక్కింటి దీదీ ఛత్తీస్‌గఢ్ మనిషి, నవ్వుకుంటూ నిమ్మకాయ తెచ్చింది. అంత చిన్న చక్రాల కింద నిమ్మకాయ ఎలా పెడతాం? గింజ తీసి పెట్టాం. ఇంజన్ నుదుట అగ్గిపుల్లతో కుంకుమ బొట్టు పెట్టాను. ఎండ గదిలోకి పడుతోంది. వీధిలో కూరలవాడు కేకేస్తున్నాడు.

కంట్రోలర్ మీటను నెమ్మదిగా తిప్పాను.

ఇంజన్ దగ్గింది. ఒకసారి, రెండోసారి, తర్వాత అందుకుంది. గుడగుడ, మధ్యలో ఆ తడబాటు. చెక్క మీద చెయ్యి పెడితే అదురు తెలిసింది. నిమ్మగింజ దాటి కదిలింది. మలుపు దగ్గర హారన్ కొట్టింది, ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా. "హాయ్ రామ్, యే తో అస్లీ హై!" అని దీదీ నోటిమీద చెయ్యేసుకుంది. నిజం ఇంజనే అంటోంది.

సూరిబాబు నవ్వాడు. చూపు పోయాక వాడు నవ్వగా చూడటం అదే మొదలు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చి వచ్చాను. మర్నాడు వాడే ముందు తయారయ్యాడు. "పదక్కా, టైమైపోతాది."

కొన్ని వారాలు రోజూ ఆ గుడగుడ విన్నాం. తర్వాత ఇంజన్ మలుపులో ఆగిపోవడం మొదలెట్టింది. ఇలాంటి మోడళ్ళు నడిపే మిశ్రాజీ అనే పెద్దాయనను పిలిచాను. డయాలసిస్ నుంచి వచ్చి సూరిబాబు పక్కగదిలో పడుకున్నాడు. ఆయన వంటింటి బల్ల మీద ఇంజన్ పెట్టి స్క్రూలు తీసి పైడొప్ప ఎత్తారు. కాసేపు చూసి, "బేటీ, ఇందులో సౌండ్ ఎక్కడుంది?" అని నన్నడిగారు.

లోపల మోటారుంది. శబ్దం తాలూకు బోర్డు ఉండాల్సిన చోట ఉత్త ప్లగ్గు ఉంది. స్పీకరు చోటు ఖాళీ. ఎవరూ ఏదీ పీకిన గుర్తు కూడా లేదు. నేను విన్నానన్నాను. హారన్ కూడా విన్నానన్నాను. ఆయన మా కంట్రోలర్ తిప్పి చూశారు. ఇది పాతరకం, దీంతో అసలు సౌండ్ ఇంజన్ నడిపినా గుడగుడ వస్తుందేమో గానీ హారన్ రాదన్నారు. పక్కనున్న రైల్వేలైను కూతేమో అన్నారు. ఆ లైను కూతలు పుట్టినప్పట్నుంచీ వింటున్నాను, నాకు తెలీదా? దీదీని పిలిచి అడిగితే, తనూ విన్నానని ఒట్టేసింది.

ఆయన చక్రాలు తుడిచి, డొప్ప బిగించి వెళ్ళాక మళ్ళీ పట్టాల మీద పెట్టి తిప్పాను. చక్రాల సన్నటి రాపిడి తప్ప ఏమీ లేదు. ఎన్నిసార్లు తిప్పినా అంతే. సూరిబాబుకి తెలిస్తే? బేరం పోయినట్టే కదా!

గుట్టుగా శబ్దం ఉన్నదాన్ని తెప్పించాను. ఈసారి ఆఖరి అక్షరం ఇద్దరికి చూపించి మరీ కొన్నాను. చెప్పకుండా పట్టాల మీద పెట్టి తిప్పాను. అది చక్కగా గుడగుడమంది. సూరిబాబు తల వంచి విన్నాడు.

"ఇదీ మంచి బండే. మనది కాదు. మనదే పెట్టు."

చేసేదేముంది, మూగదాన్నే పెట్టాను. వాడి మొహం వెలిగింది. మోకాలి మీద వేళ్ళతో ఆ గుడగుడకి తాళం వేస్తున్నాడు, తడబాటు దగ్గర ఆపి మళ్ళీ అందుకుంటున్నాడు. "హారన్ బాగుంది కదక్కా?" అన్నాడు. బాగుందన్నాను. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్ళే ప్రతి పొద్దున్నా వాడు వినడం, నేను బాగుందనడం. ఉన్న అలసట చాలదన్నట్టు ఈ అబద్ధమొకటి మొయ్యాల్సొచ్చింది.

పోయినవారం కూడా అలాగే తిప్పాను. వాడు చెప్పులు వేసుకుంటూ ఆగాడు.

"అక్కా, నీకు వినిపించట్లేదు కదా?"

నేను వంగి రెండో చెప్పు వాడి పాదం దగ్గరికి జరిపాను.

"మిశ్రాజీ స్క్రూలు తీసినరోజు నాను పడుకోలేదే. అన్నీ విన్నాను. అందులో ఏటీ లేదని తెలుసు."

"మరి నీకు..."

"వినిపిస్తంది. నానేటి చెయ్యను? నువ్వు మాత్రం ఊరికే బాగుంది బాగుంది అనక్కర్లేదు."

"తెలిసి కూడా ఇన్నాళ్ళూ ఎందుకొచ్చావురా ఆసుపత్రికి?"

"ఆ కూత కంపెనీ పెట్టలేదు, నువ్వు పెట్టలేదు. అయినా కూత్తంది కదా. దాన్ని ఇడిసిపెట్టి ఎలా ఎల్లిపోను? పద, ఆటోవాడు తిడతాడు."

వాడి చెయ్యి పట్టుకుని గుమ్మం దించాను. ఆటోలో వాడు నిద్రపోయాడు, నేను బయటికి చూస్తూ దారంతా ఏడ్చాను. ఆ మొదటిరోజు నేనూ, దీదీ విన్నదేమిటో నాకు తెలీదు. ఇప్పుడు వాడు వింటున్నదేమిటో అంతకన్నా తెలీదు. నాకు మాత్రం మిశ్రాజీ ఆ డొప్ప ఎత్తినప్పట్నుంచీ ఒక్కసారి కూడా వినిపించలేదు. ఎల్లుండి మళ్ళీ డయాలసిస్ ఉంది, పొద్దున్నే లేచి ఇంజన్ తిప్పాలి.