గొంతు మీద పోసిన రెజిన్

చోడవరంలో సత్యరాజు కొట్టుకు పేరు బోర్డు లేదు. అవసరం రాలేదు. కరెంటు రాగానే బోరు మోటారును తనంతట తానే వేసి, రైతుకు ఫోను చేసి ఆ సంగతి చెప్పే స్టార్టర్ పెట్టెలు అతను చేసేవాడు. చెప్పే గొంతు అతని భార్య కృపామణిది.

పెట్టె ఎవరికోసమో అడిగి తెలుసుకుని, సర్క్యూట్ బోర్డు మీది బుల్లి మైకు దగ్గర నోరు పెట్టి ఆమె మాట చెప్పేది. అది ఒక చిప్పులో ఉండిపోయేది. తర్వాత సత్యరాజు బోర్డంతా మునిగేలా రెజిన్ అనే చిక్కటి జిగురు పోసేవాడు. చెరుకు తోటలో చెమ్మ, చీమలు, బల్లులు. రెజిన్ గడ్డకట్టాక ఏదీ లోపలికి పోదు.

ఏ రకం పోయాలో మొదట్లో అతనికి తేలలేదు. రెండు తెచ్చాడు. సిలికోన్ గడ్డకట్టినా జున్నులా మెత్తగా ఉంటుంది. ఎపాక్సీ నల్లరాయి అవుతుంది. పాడైన బోర్డుల మీద రెండూ పోసి నీళ్లలో నానబెట్టాడు, ఎండలో పెట్టాడు, చీమల పుట్ట పక్కన వదిలేశాడు. రెండూ నిలిచాయి. కృపామణి మెత్తనిదాన్ని గోటితో నొక్కి చూసింది.

"ఇదే పొయ్యి. రేపు పాడైతే బ్లేడుతో కోసి ఇప్పుకోవచ్చు."

"మనం ఇప్పితే పక్క కొట్టోడూ ఇప్పుతాడు. సూసి కాపీ కొడతాడు."

"కొట్టనీ. నా గొంతెక్కడ తెస్తాడు?"

అతను ఎపాక్సీయే కొన్నాడు.

"నీ బుర్రలో కూడా అదే పోసేరు ఎవులో," అంది కృపామణి.

ఒకసారి గడ్డకట్టాక తను కూడా తీయలేనని కొనేవాళ్లకు గొప్పగా చెప్పేవాడు.

పోయిన వానాకాలంలో జ్వరం వచ్చి కృపామణి చనిపోయింది. ఆస్పత్రి హడావుడిలో ఆమె ఫోను ఎక్కడో పడిపోయింది. అతని ఫోనులో ఫొటోలే ఉన్నాయి. ఇంట్లో ఆమె మాట ఎక్కడా మిగల్లేదు.

అప్పుడతనికి పెట్టెలు గుర్తొచ్చాయి. గోవాడ తిరిగాడు, చీడికాడ తిరిగాడు. రైతులు కొత్త స్టార్టర్లు పెట్టుకున్నారు. పాతవి పాత ఇనుము వాళ్లకు వేసేశారు. అడిగినవాళ్లందరికీ ఆ గొంతు మాత్రం గుర్తుంది.

సంగతి విని రోలుగుంట నుంచి సన్యాసమ్మ ఒక పెట్టె తెచ్చింది. మగడు లేడు, చెరుకు తనే వేస్తుంది. పిడుగు పడిన రోజునుంచి పెట్టె పలకడం లేదంది.

"మాట లోపలుందా బాబూ?"

"ఉండొచ్చప్పా. కరెంటు పోయినా చిప్పులో మాట పోదు. దాన్ని తీసి ఇంకో బోర్డుకి ఎయ్యాలి."

"తియ్యి మరి."

సత్యరాజు వేడిగాలి గన్ను పెట్టి రెజిన్‌ను కాచి, మెత్తబడిన మేరకు స్క్రూడ్రైవర్‌తో గీకాడు. ఎక్కువ కాస్తే చిప్పు మాడిపోతుంది. తక్కువ కాస్తే రెజిన్ కదలదు. గీకిన ముక్కలు నల్లగా బల్ల మీద పడుతున్నాయి. ఘాటు వాసనకు సన్యాసమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది గాని లేచి వెళ్లలేదు.

"ఇంత గట్టిది ఎందుకు పోసేవు?"

"కాపీ కొడతారని."

"ఎవులైనా కొట్టేరా?"

"లేదు."

మధ్యాహ్నానికి చిప్పు అంచు కనబడింది. దాని మీద పలచటి పొర మిగిలింది. సత్యరాజు గన్ను దూరంగా జరిపి, పొర కింద స్క్రూడ్రైవర్ మొన దూర్చి, ఊపిరి బిగబట్టి లేపాడు. పొర వచ్చింది. దాన్ని అంటుకుని చిప్పు సగం వచ్చింది. మిగతా సగం బోర్డు మీదే ఉండిపోయింది.

"వచ్చిందేటి?"

"ఇరిగిపోనాదప్పా."

సన్యాసమ్మ వంగి ఆ ముక్కను చూసింది. గోరంత లేదు. అతను గన్ను ఆపాడు. దాన్ని పక్కన పెట్టి అడిగాడు.

"నీకు కృపామణి ఏటని సెప్పేది?"

"నీకు తెల్దేటి? 'అప్పా, మోటారు తిరగతంది. నువ్వు లెగకు, పడుకో.' అలాగనేది."

సత్యరాజు కృపామణిని చెప్పమన్నది మోటారు తిరుగుతోందని ఒక్కటే. ఆమె చెబుతున్నప్పుడు అతను వెనకగదిలో రెజిన్ కలుపుతూ ఉండేవాడు. పోసేముందు మాట పడిందో లేదో చూసుకోవడానికి మొదటి ముక్క విని ఆపేసేవాడు. ఎన్ని పెట్టెలు చేసినా ఒక్కదాన్నీ చివరిదాకా వినలేదు.

"నేనూ తిరిగి అనేదాన్ని," అంది సన్యాసమ్మ.

"ఏటని?"

"సర్లేమ్మా, నువ్వూ పడుకో అని."

సత్యరాజు బల్ల మీది ముక్కల్ని చేత్తో ఒకచోటికి చేర్చాడు.

"ఆ మాట ఇంకోపాలి సెప్పప్పా."

ఆమె చెప్పింది. అతను చివరిదాకా విన్నాడు. మాటలు కృపామణివే. సన్యాసమ్మ గొంతు బొంగురుగా ఉంది.