కాట్పాడిలో దిగని పొద్దు

నా జీవితంలో నాకు ఎదురైన పెద్ద పరీక్ష ఒక్కటే, ఏడో తరగతిది. దానికి నేను చేసుకున్న ఏర్పాట్లు ఇంకెవరూ చేసుకుని ఉండరు. ముందురోజు ఎనిమిదికల్లా పడుకున్నాను. పొద్దున లేచి ఆరు ఇడ్లీలు తిన్నాను. తిని మళ్ళీ పడుకున్నాను. లేచేసరికి పరీక్ష అయిపోయింది, దాంతోపాటు నా చదువూ అయిపోయింది. అలాంటి నన్ను వెతుక్కుంటూ నిన్న పక్కవీధి ఆవిడ వచ్చింది. ఆమె కూతురికి వచ్చే నెల పరీక్షలట. “మీ పాప పరీక్షప్పుడు నిద్రకీ టిఫినుకీ నువ్వేమేమో చేసినావంట కదన్నా, మాకూ రోంత చెప్పన్నా” అంది. ఆమెకు ఏదో నాలుగు మాటలు చెప్పి పంపేశాను. అసలు సంగతి మాత్రం చెప్పలేదు.

మా అమ్మాయి అప్పుడు ప్లస్ టూ. ఇంజినీరింగు ఎంట్రన్సు రాయాలి, సెంటరు వేలూరులో. ఇంకో ఏడాది ఇంట్లో కూర్చోబెట్టి చదివించే వసతి మాకు లేదు, అది మాకంటే ముందు పాపకే తెలుసు. కాబట్టి ఒక్కసారే. ఆ పరీక్షకు రెండు వారాల ముందు బడిలో మాదిరి పరీక్ష పెట్టారు. ఆ పొద్దున మా ఆవిడ ముద్దుగా నెయ్యి కారే పొంగలి, రెండు వడలు పెట్టి పంపింది. అంతకు ముందు రాత్రంతా పాప చదువుతూనే ఉంది. పరీక్ష హాల్లో పేపరు మీద తల పెట్టి నలభై నిమిషాలు నిద్రపోయింది. లెక్కల అయ్యవారు నన్ను పిలిపించి, “ఏమీ రానివాళ్ళు ఖాళీ పేపరు ఇస్తే నాకు బాధ లేదు. అన్నీ వచ్చిన పిల్ల సగం ఖాళీ పేపరు ఇచ్చింది” అన్నాడు. ఇంటికొచ్చి పాప ఏడ్చింది. “ఆ పొద్దు కూడా ఇట్లే నిద్రపోతే ఎట్ల నాయనా?” అని ఒకటే మాట.

అయ్యవారు చెప్పిన పథ్యం ఇది. తొమ్మిదికి పడుకోవాలి, నాలుగున్నరకు లేవాలి. పరీక్ష రోజు ఏం తినాలో అదే ఈ రెండు వారాలూ అదే వేళకు తినాలి. ఇంట్లో సద్దు ఉండకూడదు. మొదటి రెండూ సరే, మూడోదే కష్టం. మాది తమిళనాడు గుడియాత్తంలో తెలుగు నేతగాళ్ళ వీధి. ముందుగదిలో రెండు గుంట మగ్గాలు, ఒకదాని మీద నేను, ఒకదాని మీద మా ఆవిడ. అరగోడకు అవతల వంట, పడక. తెల్లవారక ముందే మొదలైతే రాత్రి పదిదాకా టక్ టక్ టక్. అయినా పాప కోసం సాయంత్రం ఆరింటికల్లా మగ్గాలు ఆపేశాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? గోడ గడియారంలో బ్యాటరీ పీకేశాను. మిక్సీని అటక ఎక్కించాను. ఎదురింటివాళ్ళ మగ్గం కూడా బతిమాలి ఆపించాను. “ఇంకా ఏమేమి ఆపాల?” అని మా ఆవిడను సలహా అడిగితే, “నీ నోరొకటి ఆపయ్యా, సగం గుడియాత్తం నిద్రపోతాది” అంది.

టిఫిను సంగతి ఇంకో తగువు. పొంగలి పేరెత్తితే పాప కళ్ళలో నీళ్ళు. దోసెలు బరువంది మా ఆవిడ. రాగిజావ మంచిదని నేను కాయిస్తే, పాప రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టింది. చివరికి రెండు ఇడ్లీలు, కారప్పొడి, నువ్వుల నూనె అని తీర్మానం. రోజూ ఐదింటికి పళ్ళెం పెట్టేవాళ్ళం, పాప ముక్క తుంచి నోట్లో పెట్టుకుని వదిలేసేది. మిగిలింది నేను తినేవాణ్ణి. పరీక్ష పాపకు, తయారీ నాకు అన్నట్టు ఆ రెండు వారాల్లో నేను బాగా ఒళ్ళు చేశాను, పాప చిక్కిపోయింది. ఎందుకంటే పాపకు అసలు నిద్రే పట్టడం లేదు. తొమ్మిదికి పడుకునేది, పైకప్పు చూస్తూ ఉండేది. ఎప్పుడు లేచి చూసినా రెండు కళ్ళూ తెరిచే ఉండేవి. “ఏమి తల్లీ, భయమా?” అంటే, “భయం లేదు నాయనా, నిద్ర రాలేదు, అంతే” అనేది. సద్దు ఇంకా తగ్గలేదేమో అనుకుని ఫ్యాను కూడా ఆపి విసనకర్ర పట్టుకున్నాను. అటూ ఇటూ దొర్లుతూ మరీ అవస్థ పడింది.

పరీక్ష రోజు పొద్దున పాప ముఖం చూడలేకపోయాను. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. ఇడ్లీ ముట్టలేదు. మా ఆవిడ డబ్బాలో పెట్టి సంచిలో దోపింది. ఆరు గంటల ప్యాసింజరుకు కాట్పాడి దాకా టికెట్టు తీసుకున్నాను. అక్కడ దిగి వేలూరికి బస్సు ఎక్కాలి. ఎనిమిదిన్నరకు సెంటరు గేటు మూసేస్తారు, తర్వాత ఎవరొచ్చినా తెరవరు. ప్లాట్‌ఫారం మీద పాప, “కండ్లు మండతా ఉండాయి నాయనా, అక్షరాలు కనిపిస్తాయో లేదో” అంది. చావింటికి వెళ్ళినా ఒకడినైనా నవ్వించి వచ్చే నేను, ఆ పూట కుళాయి కింద తుండుగుడ్డ తడిపి పాప కళ్ళకు అద్దాను.

బండి కదిలింది. పది నిమిషాలు కాలేదు, పాప తల నా భుజం మీదికి వాలింది. నా చెయ్యి ఆ తల కింద ఇరుక్కుంది, చొక్కా జేబులోని ఫోను కూడా. లత్తేరిలో బండి ఆగగానే కళ్ళు తెరిచి, “యాడుండాము నాయనా?” అంది. “లత్తేరి. పడుకో తల్లీ” అన్నాను. బండి కదిలింది, కళ్ళు మూతపడ్డాయి. ఇంత తొందరగా నిద్ర ఎట్లా పట్టిందా అని కిందికి చూస్తే, నా కుడికాలు దానంతట అదే తాళం వేస్తోంది. పట్టాల చప్పుడుకు సరిగ్గా, మగ్గం తొక్కినట్టు.

అప్పుడు వెలిగింది నాకు. ఈ పిల్ల పుట్టిన నెలకే నా మగ్గం పక్కన చీర ఉయ్యాల కట్టి, దాని తాడు కాలికింది చెక్కకు ముడివేశాము. నేను తొక్కితే గుడ్డ నడిచేది, ఉయ్యాలా ఊగేది. దారం తెగి మగ్గం ఆగితే కెవ్వుమని లేచేది. పదిహేడేళ్ళుగా ఆ చప్పుడులోనే నిద్రపోయిన పిల్ల. రెండు వారాలుగా నేను ఆ ఉయ్యాల తాడు కోసేసి, నిద్రెందుకు రాలేదని ఆ పిల్లనే అడుగుతున్నాను.

విరించిపురం దాటింది, కాట్పాడి వచ్చింది. జనం లేచారు. ఎదురుగా పూలబుట్టతో కూర్చున్న అమ్మ నా మోకాలు తట్టి, “కాట్పాడి వందుడుచ్చు, పుళ్ళయ ఎళుప్పుప్పా” అంది, పిల్లను లేపమని. లేపాలి. కానీ పాప పడుకుని ఎంతసేపైంది, ముప్పావు గంట కూడా లేదు. రెండు వారాల నిద్రకు అదేం సరిపోతుంది? పేపరు మీద వాలిపోయిన తల ఒక్కసారి కళ్ళ ముందు మెదిలింది. బండి ఆగినందుకు పాప కనురెప్పలు అదిరాయి. నేను చెప్పు విడిచి మడమతో సీటు కిందున్న ఎవరిదో చెక్క పెట్టె మీద టక్ టక్ అని కొట్టడం మొదలుపెట్టాను. పూలమ్మ నన్ను పిల్లల్ని ఎత్తుకుపోయేవాణ్ణి చూసినట్టు చూసింది. వేలు పెదాల మీద పెట్టి ఆమెకు దండం పెట్టినంత పని చేశాను. చాలాసేపు నిలబడి బండి కదిలింది. కాట్పాడి వెనక్కి పోయింది. టికెట్టు లేదు, టైము ఎంతో తెలీదు, ఎక్కడ దిగాలో తెలీదు. గేటు మూసేశాక పాపతో ఏం చెప్పాలో అది అసలే తెలీదు.

తిరువలంలో ఇక ధైర్యం చాలక లేపాను. “యాడికి వచ్చినాము?” అంది. చెప్పాను. తిడుతుందనుకున్నాను. సంచి భుజాన వేసుకుని, “పా నాయనా” అని ముందు దిగింది. రోడ్డు మీదికి పరుగెత్తాము. మొదటి బస్సు ఆపలేదు. రెండోదానికి నేను రోడ్డు మధ్యలో నిలబడితే ఆపి, డ్రైవరు నన్ను తమిళంలో ఉన్న తిట్లన్నీ తిట్టాడు. సీటు దొరికాక పాప డబ్బా తీసి రెండు ఇడ్లీలూ తినేసి, “ఇంతేనా పెట్టింది అమ్మ?” అంది. ఆ మాటకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, బస్సు కాట్పాడి వంతెన మీద లారీల వెనక ఆగిపోయిందని కూడా కాసేపు మరిచిపోయాను. గేటు దగ్గరికి చేరేసరికి మూయడానికి ఇంకా ఆరు నిమిషాలున్నాయి.

మూడు గంటలు ఎండలో నిలబడే ఉన్నాను, కూర్చుంటే నేను నిద్రపోతానని. పాప బయటికి రాగానే, “నిద్ర వచ్చెనా?” అన్నాను. “లేదు నాయనా. ఆకలేస్తా ఉండాది” అంది.

వేలూరులోనే సీటు వచ్చింది. ఆ కబురు తెలిసిన రోజు ఇంటికొచ్చిన చుట్టాలకు ఈ కథ చెప్పాను. చెప్పినకొద్దీ పెరిగింది. మూడోసారికి, కాట్పాడిలోనే నేను గంటా నిమిషం లెక్క వేసి, తిరువలం బస్సు వేళ కూడా చూసుకుని, ఆ తర్వాతే పాపను లేపకూడదని నిశ్చయించుకున్నట్టు అయింది. “ధైర్యం కాదబ్బా, అంతా లెక్క” అంటున్నాను. వంటింట్లో కాఫీలు కలుపుతున్న పాప గడపలోకి వచ్చి నిలబడింది.

“కాట్పాడిలో బండి నిలబడతానే నాకు మెలకువ వచ్చేసింది నాయనా. ఆ పూలమ్మ అంత చెప్పినా నువ్వు కదల్లేదు కదా, నాయన టైము చూసుకొనే కూర్చున్నాడులే అని మళ్ళీ కండ్లు మూసుకుంటి. ఫోను నా తలకింద ఉండాదని నాకేం తెలుసు?”