మిద్దె మీద పాడిన వియత్నాం అక్క

అక్క చనిపోయిందని పోయిన మంగళవారం పొద్దున తెలిసింది. వాళ్ల చెల్లెలు వియత్నాం నుంచి నా ఫోనుకు రెండే ముక్కలు పంపింది: "మా అక్క వెళ్లిపోయింది. నీకు చెప్పమంది." అప్పుడు వంటింట్లో చేపలు కడుగుతున్నాను. తడి చేతులతోనే మేడం దగ్గరికి వెళ్లాను. ఫోను చూపించాను.

మీకెవరికీ ఆమె తెలియదు. ఒమాన్‌లోని నిజ్వాలో ఒకే ఇంట్లో ఆరేళ్లు పనిచేశాం. నాది వంట, ఆమె మేడం వాళ్లమ్మను చూసుకునేది. వాళ్ల భాషలో అక్కను 'చీ' అంటారట. అలా పిలవడానికి నాకు నోరు రాలేదు. "నేను అక్కా అనే అంటా" అంటే పడీపడీ నవ్వింది. అరబ్బీ ముక్కలతో మొదలైన మా మాటలు మెల్లగా నా కడప తెలుగులోకి వచ్చాయి.

తమ ఊళ్లో ఆమె ఒక కాఫీ కొట్టులో, చిన్న వేదిక మీద పాడేది. పెద్ద పేరేమీ లేదు. కానీ అక్కడ పాట నచ్చితే వినేవాళ్లు మధ్యలోనే లేచి వచ్చి చేతికి పువ్విస్తారట. "పువ్వు తీసుకోవల్ల, చెయ్యి పట్టుకోవల్ల. పాట మాత్రం నిలపగూడదు" అనేది.

ఇక్కడికొచ్చినా ఆ మనుషులు ఆమెను వదల్లేదు. శుక్రవారం సాయంత్రం పెద్దామె కునుకు తీసే వేళ, అక్క మిద్దె మీద నీళ్లట్యాంకు నీడలో కూర్చుని వీడియో కాల్‌లో పాడేది. సైకిళ్లు బాగుచేసే ముసలాయన, ఒక పంతులమ్మ, ఇంకా పదిమంది వినేవాళ్లు. అంతకుముందే చీర కట్టుకున్నంత శ్రద్ధగా తల దువ్వుకుని, పెదవులకు రంగు వేసుకునేది.

"ఫోన్లో మనుషులకు ఈ ముస్తాబేంటికక్కా?" అన్నానొకసారి.

"వాళ్లు పనులిడ్సిపెట్టి వచ్చినారు. నేను పని గుడ్డల్తో కనపడితే మర్యాద గాదు."

పోయిన చలికాలం గొంతు బొంగురుపోయింది. దుమ్ము అనుకున్నాం. మూడు నెలలు తేనె నీళ్లు కలిపిచ్చాను. ఆసుపత్రికి పదమని గట్టిగా అనలేదు. అది నన్ను ఇప్పటికీ తొలుస్తోంది. మేడం తీసుకెళ్లి చూపించేసరికి గొంతులో గడ్డ ముదిరిపోయింది.

ఊరికి పోయే ముందు శుక్రవారం కూడా ముస్తాబై కూర్చుంది. నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించింది.

"ఇంగ చాలక్కా, కట్ జెయ్" అని ఫోను అందుకోబోయాను. నా చెయ్యి పట్టుకుని ఆపింది.

అప్పుడు ఆ సైకిళ్ల ముసలాయన ఆమె పాటే అందుకున్నాడు. శ్రుతి లేదు, ఏమీ లేదు. పంతులమ్మ కలిసింది, తర్వాత అందరూ. నెట్‌వర్క్ ఆలస్యానికి ఒకరి మాట వెనక ఇంకొకరి మాట పడుతోంది. అక్క తొడ మీద చేత్తో తాళం వేస్తూ కూర్చుంది. రంగు వేసుకున్న పెదవుల మీదికి కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

మస్కట్ ఎయిర్‌పోర్టుకు మేడం డ్రైవరు తీసుకెళ్లాడు. నన్ను వెంట రమ్మనలేదు. ఇంటి గేటు దగ్గర కారు అద్దం ఎక్కించాక అక్క నా వైపు తిరిగింది. పెదవులు కదిలాయి. నాతో ఏదో చెబుతోందో, పాడుతోందో తెలియలేదు. నేను మాత్రం విన్నట్టు తల ఊపుతూ నిలబడ్డాను. కారు కదిలింది.