ఇల్లు మోస్తున్న బస్సు ఇంకెంత లాగగలదు

మా అమ్మాయి పళ్ళ డాక్టరు. గచ్చిబౌలిలో చేస్తున్న ఉద్యోగం మానేసి, పల్లెల్లో బడిపిల్లల పళ్ళు చూస్తానంది. అల్లుడిది కోకాపేటలో సాఫ్ట్‌వేరు పని. వారంలో మూడు రోజులు ఎక్కడ కూర్చుని చేసినా ఆఫీసువాళ్ళు అడగరు. ఇద్దరూ కలిసి ఒక పెద్ద పాత బస్సు కొని, అందులో మంచాలు, వంటగట్టు, స్నానాలగది కట్టించుకున్నారు. పళ్ళ కుర్చీకి, జనరేటరుకు అందులో చోటు చాలక, వాటిని వెనక తగిలించే ట్రైలరులో అమర్చారు. మొదటి శిబిరం సోమవారం, వికారాబాద్ దగ్గర ఒక బడిలో. పిల్లలకు చెప్పేశామని హెడ్మాస్టరు ఫోను చేసినప్పటినుంచి అమ్మాయి ఒకచోట కాలు నిలపలేదు.

శుక్రవారం వాళ్ళిద్దరితో నేను కూడా బస్సు చూడటానికి మూసాపేట షెడ్డుకు వెళ్ళాను. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పాను. ఎవరైనా సరిపోతుందంటే, ఎంతకు ఎంత అని అడగకుండా ఉండలేను.

మెకానిక్ బస్సు వెనకనున్న కొక్కెం చూపించాడు. "ఇగో అమ్మా, మూడున్నర టన్నులని దీని మీదనే కొట్టి ఉంది. మీ ట్రైలరు రెండు టన్నులు గూడ లేదు. ఇగ ఫికర్ ఏంది?"

"కొక్కెం గట్టిదే నాయనా. అది దేన్ని పట్టుకుని ఉంది?"

అతను వంగి చూశాడు. స్నానాలగది కోసం బస్సు చట్రాన్ని వెనక్కి నాలుగడుగులు పొడిగించారు. కొక్కేన్ని ఆ అతుకు ముక్కకే బిగించారు. గతుకులో ట్రైలరు గుంజితే, ఆ ఊపంతా అతుకు మీదే పడుతుంది.

అతను లేచి చేతులు తుడుచుకున్నాడు. "మా లెక్కల సారు గిట్ల అడుగుతుంటేనే నేను బడి బంద్ చేసిన" అని నవ్వాడు. శనివారం మధ్యాహ్నానికల్లా రెండు ఇనుప దూలాలను అసలు చట్రం దాకా తీసుకుపోయి, కొక్కేన్ని వాటికి బిగించాడు.

ఇంకొక లెక్క మిగిలింది. బస్సు, అందులో ఉన్నవన్నీ, అది లాగేది కలిపి పదకొండు వేల కిలోలు దాటకూడదని బస్సు తయారుచేసినవాళ్ళ కాగితంలో ఉంది. లోపల కట్టిన ఇల్లు అందులో ఎంత తినేసిందో ఎవరూ తూచలేదు. ముగ్గురం బస్సులో కూర్చుని లారీలు తూచే కాంటాకు వెళ్ళాం. మాతో కలిపి బస్సు తొమ్మిది వేల నాలుగు వందలు. విడిగా తూచిన ట్రైలరు పందొమ్మిది వందలు. మొత్తం మీద మూడు వందల కిలోలు ఎక్కువ.

అమ్మాయి బస్సు మెట్టు మీద కూలబడింది. "ఏం తీసేయనమ్మా? కుర్చీ తీసేస్తే అసలు వెళ్ళడమే దండగ." హెడ్మాస్టరుకు రాలేమని చెప్పడానికి ఫోను తీసింది.

"ఉండవే. బాబూ, నీళ్ళ ట్యాంకుల్లో ఎంతుంది?"

"రెండూ నిండుగా పట్టినాను అత్తా. ఒక్కోటి మూడు వందల లీటర్లు."

మా అల్లుడిది అనంతపురం వైపు. వాళ్ళింట్లో ఎవరు ఊరికి బయల్దేరినా ముందు నీళ్ళు సర్దుతారు, బట్టలు తర్వాత. పెళ్ళికి పది బిందెల నీళ్ళు వెంట తెచ్చిన చుట్టాలు వాళ్ళు.

"అక్కడ బోరు ఉంది కదా" అంది అమ్మాయి.

"బోరు ఉంటాది. నీళ్ళు ఉండాయా?"

రాలేమని చెప్పడానికి తీసిన ఫోనులోనే అమ్మాయి ఆ సంగతి అడిగింది. బడిలో రెండు కుళాయిలు రోజంతా వస్తాయని, కావాలంటే ట్యాంకు నింపుకోవచ్చని హెడ్మాస్టరు చెప్పాడు.

"అయితే ఒకటి ఖాళీ చేస్తా. ఒకటి ఉండనీ అత్తా."

"ఒకటే తీస్తే సరిగ్గా పదకొండు వేలు. దారిలో ఒక అరటిగెల కొన్నా ఎక్కువే."

అతను భార్య వైపు ఒకసారి చూశాడు. "సరే, రెండూ తీసేస్తా. మురుగు మోరీలో మాత్రం పొయ్యను" అన్నాడు.

షెడ్డుకు తిరిగి వచ్చాక మెకానిక్ గల్లీలోకి కేక వేశాడు. ఆడవాళ్ళు బిందెలు, బకెట్లు పట్టుకుని వచ్చారు. అల్లుడు పైపు ఎవరికీ ఇవ్వకుండా, ఒక్కో బిందె మెడ దాకా తనే నింపాడు.

"రేపు గూడ వస్తవా అన్నా?" అని ఒకామె అడిగింది. "మా నల్లా కంటే నువ్వే నయం."

మళ్ళీ కాంటా ఎక్కితే బస్సు ఎనిమిది వేల ఎనిమిది వందలు చూపింది. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ట్రైలరు తగిలించారు. బయల్దేరేముందు అల్లుడు ఇరవై లీటర్ల క్యాను ఒకటి తెచ్చి, నా వైపు చూడకుండా డ్రైవరు సీటు వెనక ఇరికించాడు.

"ఇది గూడా లెక్కలో ఏసుకో అత్తా."

"వేశాను. నేను దిగిన బరువు వదిలేసినా ఇంకా రెండు వందల ఎనభై మిగిలింది. అరటిగెల కొనుక్కోండి."

అమ్మాయి కిటికీలోంచి చెయ్యూపింది. బస్సు మలుపు తిరిగింది. ట్రైలరు ఎటూ ఊగకుండా దాని వెనకే వెళ్ళింది.