మా మరిదిని మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళిన వైనం

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే మానొద్దు, చింతపండు పిక్కలు తీసుకుంటూనే వినండి.

నేను కాపురానికి వచ్చేటప్పటికి మా మరిది నా చేతి ముద్దలు తినే పిల్లవాడు. పెరిగి పెద్దవాడై, పొలం పనుల్లో అన్నగారికి అక్కరకొచ్చే వయసులో మనసు చెడింది. గోడల్లోంచి ఎవరో తిడుతున్నారనేవాడు. అన్నంలో విషం కలిపామని కంచం విసిరేవాడు. ఎడ్లబండికి తాళ్ళతో కట్టి తీసుకెళ్ళారు. ఊరంతా వీధిలో నిలబడి చూసింది.

పిచ్చాసుపత్రి నుంచి బాగుపడే తిరిగొచ్చాడు. పంపేటప్పుడు అక్కడి డాక్టరు దొర మావారికి దుబాసీ చేత మరీమరీ చెప్పించాడట, నిద్ర చెడనివ్వకండి, మళ్ళీ వస్తే దాచకుండా తీసుకురండి అని.

కానీ మా అత్తగారికి మొక్కుంది. కొడుక్కి నయమైతే దీక్ష పట్టించి, కోడి కూయకముందే కాలువ స్నానాలు, ఒంటిపూట భోజనాలు చేయించి, అన్నవరం కొండకు నడిపించి తీసుకొస్తానని.

"అత్తయ్యా, నిద్ర చెడకూడదన్నారు గదండీ," అన్నాను.

"నయం చేసింది స్వామే, ఆ సీసాల నీళ్ళు కాదు. మొక్కు ఎగ్గొట్టమంటావేంటే?"

ఆవిడది ప్రేమే. ఏం చెప్పను? వ్రతమైంది, ప్రసాదం ఊరంతా పంచాం. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకే మా మరిదికి నిద్ర బొత్తిగా పోయింది. చెవుల్లో దూది పెట్టుకున్నాడు. ఒకరోజు నేను వడ్డించిన అన్నం వాసన చూసి పక్కకు నెట్టాడు. అత్తగారు మాత్రం బడలిక, బడలిక అంటూనే ఉంది.

ఎండాకాలం మరమ్మతులకు కాలువ కట్టేసే రోజులు దగ్గరపడుతున్నాయి. నీళ్ళు ఆపేస్తే పడవలుండవు. ఇక మళ్ళీ బండే, మళ్ళీ తాళ్ళే. మా మరిది అరుగు మీద ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"వదినా, మళ్ళీ మొదలైంది. అమ్మకి చెప్పకు."

"చెప్పకపోతే ఎలా నాయనా? ఆసుపత్రికి వెళ్దాం పద."

"వస్తాను. కట్టకుండా తీసుకెళ్తారా?"

"నేనూ వస్తాను. ఎవరు కడతారో చూస్తాను."

మావారు ఒప్పుకున్నారు గానీ, "దారిలో కాలవలోకి దూకితే ఏం చెయ్యనే?" అని సంచిలో తాడు పెట్టుకున్నారు. అత్తగారు గడప దాకా రాలేదు. లోపలి నుంచే అడిగింది, "వాడికి పెరుగన్నం కట్టావా?" అని.

సామర్లకోట దాకా పడవ, అక్కడి నుంచి రైలు. పడవ నడిపే సరంగు మమ్మల్ని చూసి నవ్వాడు.

"ఏం బాబూ, వదినగారే వెంటబెట్టుకెళ్తున్నారు, పెళ్ళిచూపులకా?"

"అవునండి. పిల్ల నచ్చితే అక్కడే ఉండిపోతాను," అన్నాడు మా మరిది. ఎన్నాళ్ళకో నవ్వాడు.

కాలువ మట్టం దిగేచోట కట్టిన లాకుల్లోకి పడవ వెళ్ళగానే వెనక తలుపులు మూశారు. నీళ్ళు వదులుతున్నకొద్దీ పడవ కిందికి దిగుతోంది, చుట్టూ రాతిగోడలు పైకి లేస్తున్నట్టుంది. మా మరిది చటుక్కున లేచాడు.

"గోడలు తిడుతున్నాయి. మోసం చేశావు వదినా!"

మావారి చెయ్యి సంచిలోకి పోయింది.

"ఆ చెయ్యి బయటికి తియ్యండి," అన్నాను. నలుగురిలో ఆయనతో అలా మాట్లాడటం నాకదే మొదలు. ఆయన తీశారు.

"నిన్నొక్కడినేనా, నన్నూ తిడుతున్నాయా?" అని మరిదిని అడిగాను.

"నిన్నూను."

"అయితే ఇద్దరం కలిసే పడదాం తిట్లు. కూర్చో."

కూర్చున్నాడు. నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గాజు చిట్లి గుచ్చుకుంది. నేను కదల్లేదు. కాసేపటికి ముందు తలుపులు తెరిచారు, పడవ ఎండలోకి జరిగింది.

ఆసుపత్రి గేటు దగ్గర కాపలావాడు అలవాటుగా మా మరిది రెక్క పట్టుకోబోయాడు.

"పట్టుకోనక్కర్లేదండి, నేనే వస్తాను," అని తనే నడిచి లోపలికి వెళ్ళాడు. మావారు మొహం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నారు.

వానలు పడ్డాక తిరిగొచ్చాడు. ఆ తరవాతా వెళ్ళాల్సి వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ ఎప్పుడూ తాడుతో కాదు. ఆ ఏడు మా అత్తగారు మళ్ళీ మొక్కుకుంది. ఈసారి కొండకు తనే నడిచి వెళ్ళింది, కొడుకుని ఇంట్లో పడుకోనిచ్చి.

విన్న మీ ఇంట అందరికీ కంటినిండా నిద్ర పట్టాలి. ఎవరికి మనసు బాగోకపోయినా పక్కన కూర్చునే మనిషికి కరువు రాకూడదు. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.