పడితే దానంతటదే లేవాలి

మొన్న ఫోన్ నంబరు మార్పించుకోవడానికి నరసన్నపేట బ్యాంకుకి వెళ్తే, సరిగ్గా నా వంతు వచ్చేసరికి కరెంటు పోయి కౌంటర్లో కంప్యూటరు ఆరిపోయింది. కాసేపటికి కరెంటు తిరిగొచ్చింది, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు జరజరా పైకి పాకడం మొదలుపెట్టాయి, వెనకాల జనమంతా విసుక్కుంటూ పాసు పుస్తకాలతో విసురుకుంటుంటే నేను మాత్రం కౌంటరు మీదకి వంగి ఆ అక్షరాలనే చూస్తూ ఉండిపోయాను. కళ్ళు సరిగా ఆనడం లేదేమో అనుకుని కౌంటర్లో కూర్చున్న కుర్రాడు జాలిగా ఏదో అడిగాడు. అలాంటి అక్షరాల్లో ఒక వరుస చివర నా చేత్తో ఒక మాట చేర్చి ఒక ఊరి పడవలన్నిటినీ ఒడ్డున ఆపానని చెబితే అతను నమ్ముతాడా? నలభై దాటాక కంప్యూటరు నేర్చుకున్న నా ఈడు వాళ్ళు మీరైనా నమ్ముతారని రాస్తున్నాను.

మాది కళింగపట్నం, సముద్రం మీద బతికే కుటుంబం. మా ఊళ్ళో చాలామంది చేతుల్లో ఇంకా బటన్ల ఫోన్లే ఉన్న రోజుల్లో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు ఒడ్డుకి దగ్గర్లో చిన్న గది తీసుకుని అందులో ఒక కంప్యూటరు, కప్పు మీద ఒక మైకు పెట్టారు. వీధిలో ఇంటరు పాసైన కోడలిని నేనొక్కదాన్నే కాబట్టి ఆ గది బాధ్యత నాకిచ్చారు. మౌసు పట్టుకోవడం రాక మొదటి వారం బాణం గుర్తుని తెర అవతలకి తోసేసి అది ఎటు పోయిందా అని వెతుక్కున్న మనిషిని నేను, ఆ సంగతి దాచుకోను. రోజూ వేకువనే ఆ కంప్యూటరు నెట్టులోంచి సముద్రం కబురు తెచ్చుకుని, గాలి ఎంత, అలలు ఎంత, వేటకి వెళ్ళవచ్చా లేదా అని మైకులో చెప్పేది. చెప్పే గొంతు నాదే, ముందుగా ఒక్కొక్క మాటా నా చేత చదివించి అందులో పెట్టారు. మా అత్తకి మాత్రం అదంతా వేళాకోళంగా ఉండేది.

"సముద్రం సంగతి ఆ డబ్బాకేటి తెలుస్తాదే? మీ మావ గాలి వాసన సూసి సెప్పీవోడు," అనేది, చేపల గంప నెత్తికెత్తుకుంటూ.

ఆ డబ్బాకి సముద్రం సంగతి తెలుసు గానీ మా ఊరి కరెంటు సంగతి తెలియదు. కరెంటు ఎగిరిపడినప్పుడల్లా నెట్టు కోసం దానికి గుచ్చిన డాంగిల్ తడబడేది, దానితోపాటు కంప్యూటరు లోపలి అసలు మెదడు, కెర్నెల్ అంటారు దాన్ని, గాభరాపడి ఉన్నచోటే కూలబడిపోయేది. తెర మీద పానిక్ అని ఒక మాట పడేసి, ఎవరో వచ్చి బటన్ నొక్కేదాకా అలా బిగుసుకుని ఉండేది. విశాఖపట్నంలో కంప్యూటర్ల పని చేసే మా చిన్నాన్న కొడుకు, వరసకి తమ్ముడు, ఫోన్లో నా గోడు విని నవ్వాడు.

"అప్పా, పడిపోతే ఏటి సెయ్యాలో దానికి ఎవులూ సెప్పలేదు. పది సెకన్లాగి నీ అంతట నువ్వే లెగమని సెప్పాల," అని, ఒక్కో అక్షరం చెప్పి నా చేత ఒక వరుస కొట్టించాడు. మర్నాడే అది పడింది, పది సెకన్లాగి తనంతట తానే లేచింది కూడా, నేను చూశాను. పని అయిపోయిందనుకున్నాం ఇద్దరం.

అసలు చిక్కు అక్కడే ఉంది. నడుస్తున్న కంప్యూటరుకి చెప్పిన మాట అది నడుస్తున్నంతసేపే గుర్తుంటుంది, పడి లేచాక అది కొత్త మనిషి, పాత మాటేదీ తెలియదు. అందుకని ఆ వరుస కొట్టాక మొదటిసారి పడితే లేచేది, రెండోసారి పడితే నేను బటన్ నొక్కి మళ్ళీ ఆ వరుస కొట్టేదాకా అలాగే ఉండిపోయేది. ఇది చాలదన్నట్టు మా వాళ్ళకి ఒక అలవాటు పడింది, మైకు పలకలేదంటే ప్రమాదమేమీ లేదని అనుకోవడం. నేను అత్తని కళ్ళ పరీక్షకి శ్రీకాకుళం తీసుకెళ్ళిన రోజున అది వేకువనే రెండుసార్లు పడింది, మైకు మూగబోయింది, దానిని మంచి శకునంగా తీసుకుని పడవలన్నీ వెళ్ళిపోయాయి. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. నేను బస్సు దిగి ఒడ్డుకి పరిగెత్తేసరికి ఒక్కొక్క పడవా తడిసి ముద్దయి వస్తోంది, మా ఆయన పడవ మాత్రం లేదు. ఆ సాయంత్రం నేను పడ్డ భయం పగవాళ్ళకి కూడా వద్దు. చివరికి వల పోగొట్టుకుని, ఒట్టి చేతులతో, ప్రాణాలతో వచ్చాడు.

మర్నాడు ఊరి పెద్ద, ఆయన మా ఆయనకి పెదనాన్న, అందరినీ కూర్చోబెట్టి మైకు దించెయ్యమన్నాడు.

"మైకు లేనప్పుడు బయపడి ఆగీవోలు. ఇప్పుడది పలక్కపోతే దైర్నెం సేసి ఎలిపోతన్నారు," అన్నాడు.

నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది, ఎందుకంటే ఆయన అన్నది నిజం. ఏటా వేసవిలో ప్రభుత్వం పెట్టే వేట నిషేధం మొదలవబోతోంది, అది అయ్యేదాకా మైకు ఉండనివ్వమని అడిగాను. వేట మొదలయ్యే రోజున గది తాళం మీ చేతికే ఇస్తాను, ఎవరి చెయ్యీ పడకుండా కంప్యూటరు లేవకపోతే మైకు దించడానికి నేనే నిచ్చెన తెస్తానని అందరిముందూ అనేశాను. నా నోరు అలాంటిది.

నిషేధం రోజుల్లో పడవలన్నీ ఇసుక మీద బోర్లా పడుకుంటాయి, మగవాళ్ళు వలలు బాగు చేసుకుంటారు, నేను గదిలో కూర్చుని ఆ యంత్రాన్ని బాగు చేసుకున్నాను. అది లేచేటప్పుడు అన్నిటికంటే ముందు చదువుకునే వరుస ఒకటి ఉంటుందని, ఆ మాట అక్కడ రాసి పెడితే ఎన్నిసార్లు లేచినా దాన్ని చదువుకునే లేస్తుందని తమ్ముడు చెప్పాడు. భయపడుతూ ఆ ఫైలు తెరిచాను, ఎందుకంటే అక్కడ చెయ్యి జారితే కంప్యూటరు అసలు లేవనే లేవదట. వరుస చివర ఆ ఒక్క మాటా చేర్చాను. ఆ తరువాత తమ్ముడు దాన్ని కావాలని పడేసే ఉపాయం చెబితే, నిలబడ్డ బిడ్డకి కాలు అడ్డం పెట్టినట్టు ప్రాణం ఉసూరుమంది. అయినా పడేశాను. లేచింది. వెంటనే మళ్ళీ పడేశాను, మళ్ళీ లేచింది. ఆ ఎండాకాలమంతా దాన్ని పడేస్తూ, లేస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో వంట ఆలస్యమైనా ఎవరూ ఏమీ అనలేదు, నా మొహం చూసి అనడానికి జంకి ఉంటారు.

వేట మొదలైన రోజున తెల్లవారుతుండగా ఊరంతా ఒడ్డునే ఉంది. పసుపు రాసిన పడవలు నీళ్ళ అంచున ఉన్నాయి, గది తాళం పెద్దాయన పిడికిట్లో ఉంది. సముద్రం చూడటానికి మహా నెమ్మదిగా ఉంది. మైకు గరగరమని ఒక్క అరమాట అని ఆగిపోయింది, వీధిలో దీపాలు మినుకుమన్నాయి. అందరూ నా వైపు తిరిగారు. మా ఆయన, మిగతా వాళ్ళు పడవ అంచు మీద చేతులేసి తొయ్యడానికి వంగారు. నేను కదల్లేదు. అత్త నా పక్కకి జరిగి చెవిలో గుసగుసలాడింది.

"ఎల్లి ఆ బటను నొక్కీసి రాయే, ఎవులు సూస్తారు?"

"తాళం నా కాడ లేదత్తా."

పాత కంప్యూటరు, లేవడానికి చాలాసేపు పట్టేది. ఆ సేపంతా వాళ్ళు పడవ అంచు మీద చేతులేసి అలాగే వంగి ఉన్నారు. అప్పుడు మైకు మళ్ళీ గరగరమంది, నా గొంతు నాకే కొత్తగా వినబడింది, ఇది కళింగపట్నం సముద్రం కబురు అని మొదలుపెట్టి, పెద్ద అలలు వస్తున్నాయి, ఈరోజు వేటకి వెళ్ళవద్దు అని నిదానంగా, ఒక్క తడబాటు లేకుండా చెప్పింది. మా ఆయన వంగినవాడల్లా లేచి నిలబడ్డాడు.

"లాగండెహె, ఎనక్కి లాగండి," అన్నాడు.

పొద్దెక్కేసరికి అలలు ఎక్కడిదాకా వచ్చాయో, పడవలను ఇంకా పైకి ఎన్నిసార్లు లాక్కోవాల్సి వచ్చిందో చెప్పను, నమ్మరు. పెద్దాయన తాళం నా చేతిలో పెట్టి, ఇకమీదట మైకు పలికేదాకా ఒక్క తెప్ప కూడా నీళ్ళలో దిగకూడదని ఊరికి కట్టుబాటు చేశాడు. మైకు మూగబోతే వెళ్ళడం కాదు, ఆగడం అలవాటైంది. ఆ రోజు నేను ఇంటికి ఎంత గర్వంగా నడిచానో, ఇవాళ్టికీ అంత గర్వంగానే చెబుతున్నాను.

ఇప్పుడు ఆ గదిలో ఐసు పెట్టెలు పెట్టుకుంటున్నారు. ప్రతి జేబులోనూ ఫోను ఉంది, నా మైకు కంటే ముందే, నా మైకు కంటే నిక్కచ్చిగా కబురు చెబుతుంది, అందుకు నాకు సంతోషమే. కాకపోతే ఎవరి కబురు వాళ్ళు తల వంచుకుని చూసుకుని, వేలితో పక్కకి తోసేసి వెళ్ళిపోతారు. పడవ మీద చెయ్యేసి ఒక గొంతు కోసం ఊరంతా కలిసి ఆగడం అనేది లేదు. మా ఆయన కూడా వేట మానేసి ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఇంట్లో ఏనాడూ నా మాట సగం కూడా వినని మనిషి, ఆ ఒడ్డున మాత్రం ఎన్నో ఏళ్ళు రోజూ పొద్దున్నే ఆఖరి అక్షరం దాకా విని గానీ కదిలేవాడు కాదు.